మౌస్‌తో కార్డులు లాగడం: టికింటర్ ప్రాజెక్టు డైరీ

చేస్తున్నది ఇదీ: ఒక బోర్డు, దాని మీద పనుల కార్డులు. కార్డుకి పైన శీర్షిక, కింద రెండు లైన్ల మాట, మూలన మూసే బటన్. మౌస్‌తో పట్టుకుని కావాల్సిన చోట వదిలేయాలి. పైథాన్, దాంతోపాటు వచ్చే టికింటర్ (విండోలు, బటన్లు గీసే లైబ్రరీ) తప్ప వేరే లైబ్రరీ ఏదీ వాడలేదు. పనంతా లైనక్స్ మీద చేసి, చివర్లో విండోస్ మీద నడిపి చూశాను. కోడ్‌లోని పేర్లన్నీ పలికినట్టే తెలుగులో రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు మీరు మార్చుకోండి.

దశ 0: లాగడానికి ముందు

టికింటర్‌లో వస్తువుల్ని పేర్చడానికి ప్యాక్, గ్రిడ్, ప్లేస్ అని మూడు దారులు, మనం చెప్పిన చోట పెట్టేది ప్లేస్. కార్డుల్ని మొదట ప్యాక్‌తో పేర్చాను. తర్వాత లాగేటప్పుడు ప్లేస్‌తో జరుపుదాం అనుకున్నా. మొదటి కార్డుని ప్లేస్ చేయగానే అది ప్యాక్ లెక్కలోంచి బయటికొచ్చింది, కింద ఉన్న కార్డులన్నీ ఆ ఖాళీ నింపడానికి పైకి జరిగాయి. ప్యాక్, గ్రిడ్ రెండూ స్థానాన్ని అవే నిర్ణయిస్తాయి, మన మాట వినవు. లాగాల్సినవన్నీ మొదటినుంచీ ప్లేస్‌తోనే ఉండాలి.

అలా మార్చాక బోర్డే మాయమైంది. ప్లేస్ చేసిన పిల్ల విడ్జెట్లను (తెర మీది ముక్కల్ని) చూసి తల్లి ఫ్రేమ్ (వాటిని మోసే పెట్టె) తన సైజు పెంచుకోదు. వెడల్పు 800, ఎత్తు 600 చేత్తో ఇస్తే తిరిగొచ్చింది.

ఇంకో పనిముట్టు ముందే పెట్టుకున్నాను. ప్రతి కదలికకీ సమయం, మౌస్ స్థానం, కార్డు స్థానం ఒక లిస్టులో దాచి, బటన్ వదిలాక ఒకేసారి ప్రింట్ చేసే చిన్న లాగ్. లాగుతుండగానే ప్రింట్ చేస్తే ప్రింటే ఆలస్యం తెచ్చిపెడుతుంది, అప్పుడు ఏది బగ్గో ఏది ప్రింట్ పుణ్యమో తెలియదు.

ఇప్పటిదాకా: 1 గంట, 26 లైన్లు, దొరికిన బగ్‌లు 2, పోయినవి 2.

దశ 1: కార్డు రెండుగా కనిపించింది

బైండ్ చేసినవి, అంటే ఏ ఈవెంట్ (మౌస్ కబురు) వస్తే నా ఏ ఫంక్షన్ (హ్యాండ్లర్) నడవాలో ముడిపెట్టినవి మూడు:

1. బటన్‌ప్రెస్‌-1: పట్టుకోవడం.
2. బీ1-మోషన్: ఎడమ బటన్ నొక్కి ఉండగా కదలడం.
3. బటన్‌రిలీజ్‌-1: వదలడం.

మధ్యదానికి ఉత్త మోషన్ వాడకండి. నేను ఒకసారి పొరపాటున వాడితే, బటన్ వదిలేశాక కూడా కార్డు కర్సర్ వెనకాలే తిరిగింది.

మోషన్ హ్యాండ్లర్‌లో మొదట రాసిన ఒకే ఒక్క లైను: కార్డుని ఈవెంట్.ఎక్స్, ఈవెంట్.వై దగ్గర ప్లేస్ చేయి. నడిపితే ఒకే కార్డు రెండు చోట్ల వెలుగుతూ ఆరుతూ కనిపించింది. లాగ్ తీసి చూశాను (అడ్డం మాత్రమే రాస్తున్నా, నిలువు కూడా ఇలాగే):

- కార్డు 200 దగ్గర ఉంది. మౌస్ 231 దగ్గర. ఈవెంట్.ఎక్స్ = 31. కార్డు 31కి వెళ్లిపోయింది.
- మౌస్ 232. కార్డు 31 దగ్గరుంది కాబట్టి ఈవెంట్.ఎక్స్ = 201. కార్డు 201కి వచ్చింది.
- మౌస్ 233. ఈవెంట్.ఎక్స్ = 32. కార్డు మళ్లీ 32కి.

ఈవెంట్.ఎక్స్ అంటే కార్డు ఎడమ అంచు నుంచి కొలిచిన దూరం. నేను దాన్ని బోర్డు అంచు నుంచి దూరం అనుకున్నా. కార్డు కదిలిన ప్రతిసారీ కొలిచే బద్దే జరిగిపోతోంది.

మార్పు: కొత్త స్థానం = విన్‌ఫో_ఎక్స్ (బోర్డు ఎడమ అంచు నుంచి కార్డు ఉన్న దూరం) + ఈవెంట్.ఎక్స్. వెలగడం ఆగింది. కానీ పట్టుకోగానే కార్డు 30 పిక్సెల్‌లు దూకి, దాని ఎడమ పై మూల కర్సర్ కిందికి వచ్చి కూర్చుంది. పట్టుకున్న చోటు మూల నుంచి ఎంత లోపల ఉందో గుర్తు పెట్టుకుని తీసేయాలి. ప్రెస్‌లో ఈవెంట్.ఎక్స్‌ని పట్టు_ఎక్స్‌లో దాచి, మోషన్‌లో దాన్ని తీసివేశాను. దూకడం పోయింది.

ఇప్పటిదాకా: 2 గంటలు, 41 లైన్లు, బగ్‌లు 5, పోయినవి 5.

దశ 2: వణుకు

మూడు గంటలు తిన్న దశ ఇది. కార్డు కర్సర్‌తోనే వెళ్తోంది కానీ చలికి వణికినట్టు వెళ్తోంది. మెల్లగా లాగితే లేదు, వేగం పెంచితే మొదలు.

ముందు కంప్యూటర్ మీద అనుమానం, తర్వాత మౌస్ మీద, ఆ తర్వాత టికింటర్ మీద. (అనుమానించే వరుస ఎప్పుడూ ఇంతే, నా కోడ్ అన్నిటికంటే చివర.) చివరికి లాగ్‌లో మౌస్ సరిగ్గా 4 పిక్సెల్‌ల చొప్పున కుడివైపు కదిలిన మూడు వరుసలు పట్టుకున్నాను. పట్టు_ఎక్స్ 30, కార్డు 270 దగ్గర మొదలు:

- మౌస్ 304. ఈవెంట్.ఎక్స్ 34. 270 + 34 − 30 = 274. సరైనదే.
- మౌస్ 308. ఈవెంట్.ఎక్స్ 38. విన్‌ఫో_ఎక్స్ 274. 274 + 38 − 30 = 282. రావాల్సింది 278.
- మౌస్ 312. ఈవెంట్.ఎక్స్ 30. విన్‌ఫో_ఎక్స్ 282. మళ్లీ 282. కదల్లేదు.

మౌస్ 4, 4, 4 వెళ్తే కార్డు 4, 8, 0 వెళ్లింది. వణుకు అంటే ఈ 8, 0.

రెండో వరుసలోని 38 ఎక్కడిది? ఆ ఈవెంట్ పుట్టినప్పుడు కార్డు ఇంకా 270 దగ్గరే ఉంది, అందుకే 308 − 270 = 38. అది నా హ్యాండ్లర్ చేతికి వచ్చేసరికి కార్డు 274కి జరిగింది. విన్‌ఫో_ఎక్స్ మాత్రం అడిగిన క్షణంలో ఎంత ఉంటే అంత చెప్తుంది. పాత లెక్కనీ కొత్త లెక్కనీ కలిపి కూడేశాను, 4 పిక్సెల్‌లు రెండుసార్లు పడ్డాయి.

దీన్ని ఇంకా ముదరబెట్టింది నేనే. స్మూత్‌గా కనిపిస్తుందని హ్యాండ్లర్ చివర అప్‌డేట్_ఐడిల్‌టాస్క్స్ పిలిచాను. మామూలుగా టికింటర్ ప్లేస్ మార్పుల్ని దాచుకుని, చేతిలో పని లేనప్పుడు ఒకేసారి చేస్తుంది. నేను ప్రతిసారీ బలవంతంగా జరిపించడంతో, వరుసలో ఎదురుచూస్తున్న ఈవెంట్లన్నీ పాతబడిపోయాయి. ఆ లైను తీసేస్తే వణుకు చాలావరకు తగ్గింది. అక్కడే ఆగితే తప్పయ్యేది, ఎందుకంటే కూడిక ఇంకా తప్పుగానే ఉంది.

అసలు మార్పు ఏంటంటే, కదిలే కార్డు నుంచి కొలవడం పూర్తిగా మానేశాను. ఈవెంట్.ఎక్స్_రూట్ స్క్రీన్ అంచు నుంచి కొలుస్తుంది, కార్డు ఎక్కడున్నా దానికి పట్టదు.

1. ప్రెస్: మౌస్ ఎక్స్_రూట్‌ని, కార్డు విన్‌ఫో_ఎక్స్‌ని దాచు. వై కూడా అంతే.
2. మోషన్: కొత్త స్థానం = దాచిన కార్డు స్థానం + (ఇప్పటి ఎక్స్_రూట్ − దాచిన ఎక్స్_రూట్).
3. రిలీజ్: దాచినవి చెరిపేయి.

మోషన్‌లో కార్డుని "నువ్వెక్కడున్నావ్" అని అడగడం ఇక లేదు. పట్టుకున్న క్షణం నాటి రెండు సంఖ్యలు, ఇప్పటి మౌస్ స్థానం ఉంటే లెక్క పూర్తవుతుంది. మధ్యలో ఒక ఈవెంట్ పోయినా, పది కలిసి ఒకటిగా వచ్చినా ఫలితం మారదు. లాగ్‌లో ఇప్పుడు 4, 4, 4.

ఇప్పటిదాకా: 5 గంటలు, 39 లైన్లు (తగ్గాయి), బగ్‌లు 6, పోయినవి 6.

దశ 3: శీర్షిక మీద పట్టుకుంటే కదలదు

ఖాళీ కార్డుతో పరీక్షించినంతకాలం అంతా బాగుంది. లోపల లేబుల్స్ (శీర్షిక, మాట చూపించే ముక్కలు) పెట్టగానే కార్డు మొరాయించింది. చుట్టూ ఉన్న 6 పిక్సెల్‌ల అంచు మీద పట్టుకుంటేనే కదులుతోంది. కారణం తేలికే: క్లిక్ ఎవరి మీద పడితే ఈవెంట్ వాళ్లకే వెళ్తుంది. లేబుల్ మీద పడితే అది లేబుల్‌దే, దాన్ని మోస్తున్న ఫ్రేమ్‌కి కబురే అందదు.

ప్రతి లేబుల్‌కీ విడివిడిగా మూడేసి బైండ్‌లు పెట్టొచ్చు. కార్డుకి రెండు లేబుల్స్, ఒక ఫ్రేమ్ కాబట్టి 9. రేపు ఇంకో లేబుల్ చేర్చిన రోజు తప్పకుండా మర్చిపోతాను. అందుకని బైండ్‌ట్యాగ్స్ వాడాను. ప్రతి విడ్జెట్ దగ్గరా ఈవెంట్ ఎవరెవరికి చెప్పాలో ఒక వరుస ఉంటుంది: తన పేరు, తన క్లాసు, పై విండో, చివర ఆల్. ఆ వరుసలో "లాగు" అని నా ట్యాగ్ చేర్చి, బైండ్_క్లాస్‌తో ఆ ట్యాగ్‌కి మూడే మూడు బైండ్‌లు ఇచ్చాను.

1. కార్డు తయారవగానే దాని పిల్లలన్నిటి మీదుగా వెళ్లు.
2. లేబుల్స్‌కీ, ఫ్రేమ్‌కీ "లాగు" ట్యాగ్ చేర్చు. బటన్‌కి వద్దు.
3. హ్యాండ్లర్‌లో ఈవెంట్.విడ్జెట్ నుంచి మాస్టర్ (దాన్ని మోస్తున్న విడ్జెట్), దాని మాస్టర్ అంటూ పైకి ఎక్కు. కార్డుల జాబితాలో ఉన్నది తగలగానే ఆగు. లాగాల్సింది దాన్ని.

మూడోది మర్చిపోతే కార్డు కదలకుండా శీర్షిక ఒక్కటే కార్డులోంచి ఊడి వస్తుంది. చూడ్డానికి సరదాగానే ఉంటుంది.

రెండోదాంట్లో "బటన్‌కి వద్దు" అన్నది కూడా నేర్చుకున్నాకే రాశాను. మొదట అన్నిటికీ ట్యాగ్ తగిలిస్తే, మూసే బటన్ నొక్కుతున్నప్పుడు చెయ్యి కాస్త కదిలినా కార్డు జరగడం, వదలగానే మూసుకుపోవడం రెండూ జరిగాయి. మూసుకుపోయిన కార్డుకి నా రిలీజ్ హ్యాండ్లర్ ఇంకేదో చేయబోయి ఎర్రర్ ఇచ్చింది.

రూట్ లెక్కకి మారినందుకు ఇక్కడ ఒక లాభం తేలింది. ఈవెంట్.ఎక్స్ ఇప్పుడు లేబుల్ అంచు నుంచి వస్తుంది, పాత పద్ధతిలో ఉంటే లేబుల్ ఎంత లోపలుందో అదీ కలపాల్సి వచ్చేది. ఎక్స్_రూట్‌కి ఆ గొడవే లేదు.

అదే రోజు సాయంత్రం ఇంకొకటి. పట్టుకున్న కార్డు అంచు రంగు మారాలని అదే ట్యాగ్ మీద బటన్‌ప్రెస్‌-1కి ఇంకో ఫంక్షన్ బైండ్ చేశాను. రంగు మారింది. కానీ పట్టుకున్న కార్డు ఎగిరి ఎక్కడో పడింది. 40 నిమిషాలు మోషన్ లెక్కలు తిరగేశాక వెలిగింది: రెండోసారి బైండ్ చేస్తే మొదటిది చెరిగిపోతుంది. కొత్త ప్రెస్ స్థానం దాచేవాళ్లే లేరు, పైగా రిలీజ్‌లో పాతవి చెరపడం దశ 2లో అనుకున్నానే గానీ కోడ్‌లో రాయనేలేదు, కాబట్టి లెక్కంతా కిందటిసారి దాచిన సంఖ్యలతో నడిచింది. బైండ్‌కి యాడ్ అనే చోట "+" ఇస్తే రెండూ ఉంటాయి. నేను అది వాడలేదు, ఒకే ప్రెస్ ఫంక్షన్‌లోంచి రెండు పనులూ పిలిచాను. ఏది ముందు జరుగుతుందో చదివితే కనిపించాలి. రిలీజ్‌లో చెరపడం కూడా ఈసారి రాశాను.

ఇప్పటిదాకా: 8 గంటలు, 68 లైన్లు, బగ్‌లు 10, పోయినవి 10.

దశ 4: క్లిక్కా, లాగుడా?

డబుల్ క్లిక్ చేస్తే కార్డు మాట దిద్దుకోవచ్చు. రెండు రోజులు వాడాక చూస్తే, వరుసగా పేర్చిన కార్డులు వంకరపోయి ఉన్నాయి. ప్రతి క్లిక్‌లోనూ చెయ్యి ఒకటి రెండు పిక్సెల్‌లు కదులుతోంది, కోడ్ దాన్నే లాగుడు అనుకుంటోంది.

కొలిచాను. మౌస్‌తో 40 క్లిక్కులు: 27 సార్లు కదలిక 0, 11 సార్లు 1 లేదా 2, రెండుసార్లు 3. ట్రాక్‌ప్యాడ్‌తో ఇంకో 40: ఒకసారి 6 దాకా వెళ్లింది. ఎంత కదిలితే లాగుడు అనుకోవాలనే హద్దు విండోస్‌లో మామూలుగా 4 పిక్సెల్‌లు, విండోలు గీసే వేరే లైబ్రరీలు జీటీకేలో 8, క్యూటీలో 10. ముందు 5 పెట్టి, ట్రాక్‌ప్యాడ్ చూశాక 8కి మార్చాను. అడ్డం తేడా, నిలువు తేడా కలిపి 8 దాటేదాకా కార్డు కదలదు.

హద్దు దాటిన క్షణంలో కార్డు ఒక్కసారిగా 8 పిక్సెల్‌లు దూకుతుంది. అది నచ్చక, దాటిన చోటినే కొత్త మొదలుగా తీసుకుని చూశాను. దూకుడు పోయింది కానీ కర్సర్ పట్టుకున్న చోటికి 8 పిక్సెల్‌లు ముందుంటోంది. కుడి అంచు దగ్గర పట్టి కుడికి లాగితే కర్సర్ కార్డు బయటికే వెళ్లిపోయింది. దూకుడే నయం. నిజానికి చెయ్యి కదులుతుండగా ఆ 8 కంటికి ఆనదు, లాగ్‌లోనే కనిపిస్తుంది.

ఇప్పటిదాకా: 9.5 గంటలు, 77 లైన్లు, బగ్‌లు 11, పోయినవి 11.

దశ 5: అంచులు, గళ్లు, ఫైలు

కార్డు బోర్డు దాటి పోకూడదు. స్థానం 0 కంటే తగ్గితే 0, బోర్డు వెడల్పు − కార్డు వెడల్పు కంటే పెరిగితే అదే. నడపగానే కార్డులన్నీ ఎడమ పై మూలకి వెళ్లి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. విండో తెర మీదికి రాకముందే వెడల్పు అడిగాను, విన్‌ఫో_విడ్త్ అప్పుడు 1 అని చెప్తుంది. హద్దుల లెక్క ప్రెస్‌లోకి మార్చాను. పట్టుకున్నారంటే విండో ఎలాగూ తెర మీద ఉన్నట్టే.

ఈ దశలో కాసేపు పాత దారి తొక్కాను. ప్రతి కదలికకీ కిందటి ఈవెంట్ నుంచి తేడా తీసి కార్డుకి కలపడం, ఎక్కువ ఉదాహరణల్లో కనిపించే పద్ధతి. మౌస్‌ని ఎడమ అంచు అవతలికి 80 పిక్సెల్‌లు లాగి వెనక్కి తెస్తే, మౌస్ తిరిగి అంచుకి చేరేసరికి కార్డు అప్పటికే 80 పిక్సెల్‌లు లోపలికి వచ్చేసి ఉంది. హద్దు దగ్గర పారేసిన తేడా మళ్లీ రాదు కదా. పట్టుకున్న క్షణం నుంచి కొలిస్తే ఈ పీడ లేదు: లెక్క పూర్తిగా చేసి, చివరి జవాబుకి మాత్రమే హద్దు వేయాలి. వెంటనే దశ 2 కోడ్‌కి తిరిగొచ్చాను.

తర్వాత గళ్లు. కార్డు 20 పిక్సెల్‌ల గళ్లకి అతుక్కోవాలి. లాగుతుండగా అతికిస్తే బురదలో లాగినట్టుంది, అందుకని వదిలినప్పుడే అతికించాను. 20తో భాగించి రౌండ్ చేసి మళ్లీ 20తో గుణించాను. 70 దగ్గర వదిలితే 80కి వెళ్లింది, బాగుంది. 50 దగ్గర వదిలితే 40కి వెళ్లింది! పైథాన్ రౌండ్ సరిగ్గా సగం వచ్చినప్పుడు సరి సంఖ్య వైపు వెళ్తుంది: 3.5 అయితే 4, 2.5 అయితే 2. దానికి బదులు స్థానానికి 10 కలిపి, 20తో పూర్ణాంక భాగహారం చేసి, 20తో గుణించాను. 50 ఇప్పుడు 60కి, 70 ఎప్పటిలా 80కి.

స్థానాలు ఫైల్‌లో దాచే పని మోషన్‌లో పెట్టి ఒక పూట పోగొట్టుకున్నాను. రెండు సెకన్ల లాగుడులో 180 సార్లు ఫైల్ రాసింది. 60 హెర్ట్జ్ తెరకి ఒక్కో ఫ్రేమ్‌కి ఉండేదే 16.7 మిల్లీసెకన్లు, నా ఒక్కో రాతకి 11 పోతోంది. కార్డు కర్సర్ వెనక ఈడ్చుకుంటూ వచ్చింది. రాతని రిలీజ్‌లోకి మార్చాను, లాగుడికి ఒకటే.

ఇప్పటిదాకా: 12 గంటలు, 96 లైన్లు, బగ్‌లు 15, పోయినవి 15.

దశ 6: మధ్యలో మనసు మారితే

ఎస్కేప్ నొక్కితే కార్డు బయల్దేరిన చోటికి వెళ్లాలి. స్థానం దాచే ఉంది కాబట్టి ప్లేస్ చేస్తే చాలనుకున్నా. వెనక్కి వెళ్లింది, మౌస్ ఒక్క పిక్సెల్ కదలగానే మళ్లీ వచ్చేసింది. బటన్ ఇంకా నొక్కే ఉంది, మోషన్ ఈవెంట్లు ఆగవు. ఎస్కేప్‌లో దాచిన సంఖ్యల్ని కూడా చెరిపేసి, మోషన్ మొదట్లో "దాచినవి లేకపోతే వెనక్కి పో" అని ఒక లైను పెట్టాను. రిలీజ్‌లో కూడా అదే లైను, లేకపోతే రద్దు చేసిన లాగుడు కూడా ఫైల్‌కి ఎక్కుతుంది.

ఇంకో తప్పు: బోర్డు మూల ఉన్న చెత్తబుట్ట మీదికి కార్డు రాగానే "తీసేయాలా?" అని మోషన్‌లోనే డైలాగ్ చూపించాను. బటన్ నొక్కి ఉండగానే డైలాగ్ వచ్చింది, వదలడం దాని ఖాతాలోకి పోయింది, నా రిలీజ్ హ్యాండ్లర్ ఎదురుచూస్తూ ఉండిపోయింది. అడగాల్సినవన్నీ వదిలాకే అడగాలి.

ఇప్పటిదాకా: 13.5 గంటలు, 112 లైన్లు, బగ్‌లు 18, పోయినవి 18.

దశ 7: విండో కూడా, విండోస్ మీద కూడా

బోర్డుకి టైటిల్ బార్ వద్దని ఓవర్‌రైడ్‌రీడైరెక్ట్ పెట్టాను. ఇక విండోని కూడా మనమే లాగాలి. లెక్క అదే, ప్లేస్ బదులు జామెట్రీ (విండో స్థానం చెప్పేది). రెండో మానిటర్ ఎడమవైపు ఉంటే అడ్డం స్థానం మైనస్ అవుతుంది. సంఖ్య ముందు దాని గుర్తు తానే వచ్చేలా ఫార్మాట్ రాశాను, "−300+40" అని వెళ్లింది. జామెట్రీలో "−300" అంటే కుడి అంచు నుంచి 300 అని అర్థం, విండో కుడి కొసకి ఎగిరిపోయింది. ప్లస్ ఎప్పుడూ ఉండాలి, దాని తర్వాత సంఖ్య: "+−300+40".

విండోస్‌లో 150 శాతం స్కేలింగ్ ఉన్న తెర మీద అక్షరాలు మసకగా వచ్చాయి. విండో తయారవకముందే విండోస్ ఫంక్షన్ సెట్‌ప్రాసెస్‌డీపీఐఅవేర్‌నెస్‌ని 1తో పిలిస్తే తేటగా వచ్చాయి, కానీ ముందు రోజు దాచిన కార్డులు దగ్గరదగ్గరగా కుంచించుకుపోయాయి. అప్పటి 300 ఇప్పటి 450. ఫైల్‌లో స్కేలు కూడా రాయడం మొదలుపెట్టి, తెరిచేటప్పుడు గుణించాను.

ఆఖరున కీబోర్డు. 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2లో (వెబ్ పేజీలు అందరూ వాడగలిగేలా ఉండాలని చెప్పే మార్గదర్శకాలు), లాగి చేసే పనికి లాగకుండా చేసే దారి కూడా ఉండాలని ఒక నియమం ఉంది. అది వెబ్ కోసం రాసింది, పైగా అది అడిగేది క్లిక్‌లాంటి దారినే. నేను బాణం మీటలు పెట్టుకున్నా. మణికట్టు నొప్పిగా ఉన్న రోజు ట్రాక్‌ప్యాడ్‌తో లాగి చూస్తే ఇలాంటి దారి ఎందుకుండాలో తెలుస్తుంది. ట్యాబ్‌తో కార్డు మీదికి వెళ్లి బాణం నొక్కితే ఒక గడి, అంటే 20 పిక్సెల్‌లు జరుగుతుంది. హద్దుల ఫంక్షన్ అదే. బాణం నొక్కి పట్టుకుంటే మళ్లీ ప్రతి అడుగుకీ ఫైల్ రాయడం మొదలెట్టింది. ఆఫ్టర్‌తో 300 మిల్లీసెకన్ల టైమర్ పెట్టాను, కొత్త అడుగు పడితే పాత టైమర్ రద్దు.

మొత్తం: 17 గంటలు, 148 లైన్లు, బగ్‌లు 22, పోయినవి 21. మిగిలినది: లాగుతుండగా కార్డుని ఇంకోచోటి నుంచి కోడ్ తీసేస్తే మోషన్ హ్యాండ్లర్ ఎర్రర్ ఇస్తోంది. కార్డు ఇంకా ఉందా అని విన్‌ఫో_ఎగ్జిస్ట్స్‌తో అడిగే లైను రేపు.